సున్నా అంటే లేదనా, చూడలేదనా?

సాఫ్ట్‌వేర్లో ఉన్నవాళ్ళకి నల్‌కీ సున్నాకీ తేడా నేను కొత్తగా చెప్పక్కర్లేదు. జీతం గడి ఖాళీగా ఉంటే "తెలియదు" అని, సున్నా ఉంటే "జీతం లేదు" అని. ఈ రెంటినీ కలిపేసిన రిపోర్టు ప్రొడక్షన్‌కి వెళ్తే ఏమవుతుందో మనలో చాలామందికి అర్ధరాత్రి ఫోన్ల వల్ల తెలిసే ఉంటుంది. అయితే ఈ తేడాని అస్సలు పట్టించుకోని సాఫ్ట్‌వేర్లు కొన్నున్నాయి. నేను రోజూ కూడు తినేది వాటి మీదే.

కెమికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్లోకి దూకిన బాపతు నేను. పూర్తిగా దూకలేదులెండి, ఒక కాలు ఇటు ఒక కాలు అటు. ఎవరో ఎక్కడో కట్టబోయే రియాక్టర్లో ఏ రసాయనం ఎలా కలుస్తుంది, ఎక్కడ కలవకుండా మూలన మిగిలిపోతుంది అన్నది కంప్యూటర్లో లెక్కకట్టి రంగురంగుల బొమ్మలు పంపడం నా ఉద్యోగం. ఉండేది కిష్టారెడ్డిపేట. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలం. 2016లో జిల్లాలు విడదీయకముందు మెదక్ జిల్లా, పటాన్‌చెరు మండలం. ఒకవైపు బొల్లారం, ఇంకోవైపు పటాన్‌చెరు. గచ్చిబౌలిలో అద్దె కట్టలేక, కొండాపూర్లో కొనలేక మనవాళ్ళు చాలామంది ఇటు వచ్చి పడ్డారు. ఔటర్ ఎక్కితే ఆఫీసు ఎంతసేపు అని లెక్కేసుకుంటాం గానీ, ఆ ఫ్లాటు కింద నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయని లెక్కేసుకున్నవాడు నాకింకా తగల్లేదు.

నా పనిలో వాడే మాట "స్పీషీస్ ట్రాన్స్‌పోర్ట్". తెలుగులో "జాతుల రవాణా" అంటే సంతకి గొడ్లని తోలుతున్నట్టుంటుంది కాబట్టి ఇంగ్లీషు మాటే ఉంచేస్తున్నా. విషయం చాలా తేలిక. బకెట్లో నీలిమందు చుక్క వేశారనుకోండి. ఎవరూ కదపకపోయినా మెల్లిగా పాకుతుంది, అది వ్యాపనం. అదే చుక్క పారే కాలవలో వేస్తే నీళ్ళతో పాటు పోతుంది, పోతూ పోతూ పక్కలకీ విస్తరిస్తుంది. కాలవ అడుగున బంకమట్టి ఉంటే కొంత దానికి అంటుకుని వెనకబడుతుంది. ఎండకో, సూక్ష్మజీవులకో కొంత విరిగిపోతుంది. ఒక చిన్న గడిలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది, లోపల ఎంత పుట్టింది, ఎంత చచ్చింది.. ఇంతే సమీకరణం. మీ అపార్టుమెంటు మెయింటెనెన్సు ఖాతా కంటే కష్టమేమీ కాదు. కాకపోతే అలాంటి గడులు కొన్ని లక్షలుంటాయి.

చిక్కు సమీకరణంలో లేదు, దానికి మనం ఇచ్చే విలువల్లో ఉంది. ఫ్లూయెంట్‌లో (ఈ పనికి ఎక్కువగా వాడేవాటిలో ఒకటి) స్పీషీస్ మోడల్ ఆన్ చేసి కొత్త మిశ్రమం తయారుచేయగానే వ్యాపన గుణకం దగ్గర అదే ఒక విలువ వేసి పెడుతుంది, 0.0000288 అని. అది వాయువులకి సరిపోయే అంకె. నీళ్ళలో కరిగిన చిన్న అణువులకి ఈ విలువ సుమారు 0.000000001 ఉంటుంది. అంటే చూడకుండా ఓకే నొక్కితే మీ రసాయనం నీళ్ళలో ఉండాల్సినదానికంటే దాదాపు ముప్పై వేల రెట్లు వేగంగా పాకిపోతుందన్నమాట. సాఫ్ట్‌వేరు కిక్కురుమనదు. బొమ్మ చక్కగా వస్తుంది. క్లయింటు కూడా మెచ్చుకోవచ్చు.

అయినా దీన్ని పట్టుకోవడం సులువే, అనుభవం ఉన్నవాడు బొమ్మ చూడగానే అనుమానిస్తాడు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇన్‌లెట్ దగ్గరుండే గడులు. లోపలికొచ్చే నీళ్ళలో ఏ రసాయనం ఎంతుందో అక్కడ చెప్పాలి. చెప్పకపోతే సున్నా. పైగా జాబితాలో ఆఖరున ఉన్న పదార్థాన్ని అది అడగనే అడగదు, ఒకటిలోంచి మిగతావన్నీ తీసేసి మిగిలింది దానికిచ్చేస్తుంది. మామూలుగా ఆఖరున పెట్టేది నీళ్ళనే. కాబట్టి మీరేమీ నింపలేదంటే, "ఇటునుంచి వచ్చేవి నూటికి నూరుపాళ్ళు మంచినీళ్ళు" అని సంతకం పెట్టినట్టే. తెలియదు అని చెప్పే వీలే లేదు అక్కడ! రియాక్టర్లో అయితే ఫర్వాలేదు, గొట్టంలో ఏం పంపుతున్నారో ఫ్యాక్టరీవాడికి తెలుసు, అడిగితే చెప్తాడు. భూమికి ఇన్‌లెట్ ఎవరు చెప్తారు?

చెప్పడానికి ప్రయత్నం జరగలేదని కాదు. భూగర్భజలాల లెక్కలకి అమెరికా ప్రభుత్వపు జియలాజికల్ సర్వే వాళ్ళు 1980లలో రాసిన మోడ్‌ఫ్లో అని ఒకటుంది, ఉచితం. నీళ్ళు ఎటు పోతాయో అది చెప్తుంది. ఆ నీళ్ళలో కరిగిన సరుకు ఎటు పోతుందో చెప్పడానికి 1990లో చున్మియావ్ జెంగ్ ఎమ్‌టీ3డీ రాశాడు. రెండూ ఫోర్‌ట్రాన్‌లోనే (నవ్వకండి, మీ జావా సర్వీసులు ఇన్నేళ్ళు నిలబడతాయేమో చూద్దాం). మన ఉప్పల్లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఇలాంటి నమూనాతోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ కింద కాలుష్యం ఎటు కదులుతోందో లెక్కకట్టి 2001లో ఒక అంతర్జాతీయ పత్రికలో వేశారు. మనం చేతిలో లాప్‌టాప్ పెట్టుకుని గొప్పలు పోతున్నాం గానీ, పాతికేళ్ళ కిందటే మన పెరట్లో పని జరిగింది. వాళ్ళు అన్ని రసాయనాల తరఫునా ఒక్క టీడీఎస్‌నే, అంటే నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలనే, ప్రతినిధిగా తీసుకున్నారు. అప్పటికి అది సబబే. ఫ్యాక్టరీ నీళ్ళలో ఉప్పెక్కువ, కొలవడం తేలిక, ఉప్పు మట్టికి పెద్దగా అంటుకోదు కాబట్టి నీళ్ళతో పాటే నడుస్తుంది.

అప్పటికే ఇక్కడ గొడవ చాలా పాతబడింది. 1970ల నుంచి ఫ్యాక్టరీలొచ్చాయి, వాగుల రంగు మారింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టరు అల్లాని కిషన్ రావు గారు తన దగ్గరికొచ్చే రోగుల్ని చూసి 1980లలోనే పోరాటం మొదలెట్టారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. తర్వాత మందుల కంపెనీల వ్యర్థజలాల్ని కలిపి శుభ్రం చేసే ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అందులోంచి బయటికొచ్చిన నీళ్ళు ఇసుకవాగులోకి, దాన్నుంచి నక్కవాగులోకి, అక్కణ్ణించి మంజీరలోకి, చివరికి గోదాట్లోకి.

ఆ శుద్ధి చేసిన నీళ్ళని స్వీడన్‌కి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! జ్వరానికీ విరేచనాలకీ మనం మింగే ఆ సిప్రోనే. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే కూడా ఎక్కువ గాఢత. రోజుకి 1,500 ఘనమీటర్ల నీళ్ళు బయటికొచ్చేవి కాబట్టి లెక్కేసుకోండి, రోజుకి దాదాపు 45 కిలోల మందు. 500 మిల్లీగ్రాముల మాత్రలైతే తొంభై వేలు. వాగులో. రోజూ.

అందరూ ఈ అంకె దగ్గరే ఆగిపోతారు, దిమ్మ తిరిగే అంకె కాబట్టి. నాకు మాత్రం 2009లో అదే బృందం వేసిన రెండో పేపరు ముఖ్యమనిపిస్తుంది. ఈసారి వాళ్ళు శుద్ధి కేంద్రం నీళ్ళతో పాటు, ఆ కేంద్రంతో ఏ సంబంధమూ లేని రెండు చెరువుల్నీ, ఆరు ఊళ్ళలోని బావుల్నీ కూడా చూశారు. ఆ చెరువుల్లో సిప్రో లీటరుకి 6.5 మిల్లీగ్రాముల దాకా, సెట్రిజిన్ 1.2 దాకా దొరికింది. ఇక బావులా.. చూసిన ప్రతి బావిలోనూ ఏదో ఒక మందు. కొన్నిట్లో లీటరుకి మైక్రోగ్రాము దాటి.

నా భాషలో చెప్తాను. ఇక్కడి నీళ్ళకి ఎవరైనా శ్రద్ధగా ఒక నమూనా కట్టారనుకోండి. శుద్ధి కేంద్రం బయటికి వదిలే చోట ఒక ఇన్‌లెట్ పెడతారు, కొలిచిన అంకెలు పోస్తారు. ఆ చెరువుల దగ్గర ఏం పెడతారు? అక్కడికి ఏ గొట్టమూ లేదు, ఏ అనుమతీ లేదు, ఏ రికార్డూ లేదు. కాబట్టి సున్నా. నమూనా పరుగెడుతుంది, చెరువులు శుభ్రం అని నీలం రంగు వేస్తుంది. సీసాతో నీళ్ళు ముంచిన మనిషికి మాత్రం 6.5 వస్తుంది. ఎవరో, ఎప్పుడో, ఎక్కడో పారబోస్తున్నారు, మన ఫైల్లో ఆ వరసే లేదు. రాత్రిపూట ట్యాంకర్ల కథలు ఈ చుట్టుపక్కల ఏ చాయ్ కొట్టు దగ్గర నిలబడినా వినొచ్చు. అవి ఏ ఇన్‌పుట్ ఫైల్లోకి ఎక్కుతాయి చెప్పండి?

ఇది ఫ్యాక్టరీల మీద కోపంతో రాస్తున్నది కాదు. నా క్లాసులో సగం మంది ఆ కంపెనీల్లోనే ఉన్నారు. ప్రపంచంలో ఎక్కడో ఒక పేదవాడికి చవగ్గా మాత్ర దొరుకుతోందంటే అందులో ఈ నేల వాటా ఉంది. 2009లోనే శుద్ధి కేంద్రం నీళ్ళని పైపులైనులో అంబర్‌పేట వైపు మళ్ళించారు (సమస్య మూసీకి బదిలీ అయిందనేవాళ్ళూ ఉన్నారు, అది వేరే కథ). చుక్క నీరు బయటికి వదలని పద్ధతికి చాలా ఫ్యాక్టరీలు మారాయి. దాని పేరే "జీరో లిక్విడ్ డిశ్చార్జి". మళ్ళీ సున్నా! కాగితం మీది ఆ సున్నా నిజమే అనుకున్నా, భూమికి ఆరంభ స్థితి అని ఒకటుంటుంది కదా. ఈ రోజు పంపు కట్టేస్తే ముప్పై నలభై ఏళ్ళుగా లోపలికి దిగింది ఈ రోజే మాయమైపోదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామికవాడలకి మార్కులేసినప్పుడు పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చాయి. 70 దాటితే అతి తీవ్రం. 2016లో మా మండలంలోని అమీన్‌పూర్ పెద్దచెరువుని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం అన్నారు, ఆ మరుసటేడే అదే మండలంలోని గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలాయి. ఎవరి కొలత వాళ్ళది.

ఇంతకీ నాకీ పిచ్చి ఎందుకు పట్టిందంటే, మా ఇంటి నీళ్ళ కోసమే. మాకు మంజీర నీళ్ళు వచ్చిన రోజు వస్తాయి, మిగతాదంతా బోర్లు. మూడున్నాయి. ట్యాంకరతను మొదటి వారమే చెప్పాడు, "బోరు నీళ్ళు తాగుడుకు గాదు సార్, వాడకానికే" అని. ఎందుకన్నా అంటే "గంతే సార్" అన్నాడు. బిల్డరు మాకు ఫ్లాట్లు అప్పజెప్పినప్పుడు ఒక నీటి పరీక్ష రిపోర్టు కూడా ఇచ్చాడు. పీహెచ్, కాఠిన్యం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు. టీడీఎస్ 640. తాగేనీటికి మన ప్రమాణం 500, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఫర్వాలేదంటారు కాబట్టి అంతా బానే ఉన్నట్టు. కింద ఒక స్టాంపు.

ఓ మూడు వారాంతాలు కూర్చుని మోడ్‌ఫ్లో కొత్త వెర్షన్లో చిన్న నమూనా కట్టాను. పైథాన్ వచ్చినవాళ్ళెవరైనా కట్టొచ్చు, నీటి ప్రవాహానికి ఒక భాగం, రసాయనానికి ఒక భాగం. అందులోనూ అదే సంగతి: ఇంకే నీటి వనరుకి గాఢత ఇవ్వలేదో దాన్నుంచి వచ్చే నీళ్ళు సున్నా గాఢతతో వస్తున్నాయనుకుంటుంది. మాన్యువల్లో రాసే ఉంది, దాచలేదు పాపం.

మనది రాతి నేల. పైన కొంత మేర చివికిన రాయి, కింద పగుళ్ళు. మా ఎగువన నాలుగు కిలోమీటర్ల దూరంలో ఎవరో ఒక గోతిలో ఏదో పోశారనుకుందాం (ఉందని చెప్పట్లేదు, అనుకుందాం). రాయి నీటిని వదిలే గుణం రోజుకి ఒక మీటరు, వాలు వెయ్యికి ఐదు, రాతిలో నీళ్ళు కదిలే ఖాళీ నూటికి రెండు అనుకుంటే, నీళ్ళు రోజుకి పావు మీటరు నడుస్తాయి. మా బోరుకి చేరడానికి సుమారు 44 ఏళ్ళు. అదే మొదటి అంకె ఐదూ, ఆఖరి అంకె ఒకటీ అనుకుంటే? రోజుకి రెండున్నర మీటర్లు, నాలుగేళ్ళ చిల్లర. ఈ రెండు జతల విలువల్నీ రాతి నేల విషయంలో ఎవరూ తప్పు అనలేరు. ఇక మా మూడో బోరు నేరుగా ఒక పగులు మీద పడి ఉంటే ఈ లెక్క కూడా పనికిరాదు, పగులు నా వంద మీటర్ల గడిని చూసి ఆగదు కదా. నాలుగేళ్ళా, నలభై నాలుగేళ్ళా అన్నదానికి ఇంకా గంట కూర్చుంటే ఏదో సర్దొచ్చు. ఎంత పోశారు అన్నదానికి ఎన్ని వారాంతాలు కూర్చున్నా నా దగ్గర జవాబుండదు.

మా అసోసియేషన్ మీటింగులో నేను నమూనా ఊసెత్తలేదు. ఒక్కటే అడిగాను, మందుల అవశేషాలకీ, ద్రావణాలకీ ఒకసారి పరీక్ష చేయిద్దాం అని. బిల్డరు రిపోర్టు తీసి చూపించి ఒకాయన అన్నాడు, "రిపోర్టులో అలాంటివేం లేవు కదండీ". నిజమే, లేవు. ఆ వరసలే లేవు! ఇంకొకాయన జేబులోంచి టీడీఎస్ పెన్ను తీసి అక్కడికక్కడే గ్లాసులో ముంచాడు, 612. "చూశారా, తగ్గింది కూడా". ఆ పెన్ను చూపించే అతి చిన్న మెట్టు లీటరుకి ఒక మిల్లీగ్రాము. 2009 పేపర్లో బావుల గురించి చెప్పింది మైక్రోగ్రాముల్లో, అంటే ఆ మెట్టులో వెయ్యో వంతు. పైగా సిప్రో లాంటివి బంకమట్టికి గట్టిగా అంటుకుంటాయి, ఉప్పు నడిచినట్టు నడవవు. ఉప్పు తక్కువుందని మందు లేదనలేం, ఉప్పెక్కువుందని ఉందనీ అనలేం. ఆర్వో ఉంది కదా అన్నారు. సిప్రో లాంటి పెద్ద అణువుల్ని ఆర్వో చాలావరకు ఆపుతుంది, కొన్ని చిన్న ద్రావణాలు దాన్ని దాటిపోతాయి. అయినా మా అమ్మ ఆకుకూర కడిగేది, బియ్యం కడిగేది ఆర్వో నీళ్ళతో కాదు.

అసలు మాట చివర్లో వచ్చింది, అదీ బయట పార్కింగులో. బీటెక్ మనకంటే ముందు చదివిన ఒక సీనియర్ పక్కకి తీసుకెళ్ళి నెమ్మదిగా చెప్పాడు. "బాబూ, నువ్వు చెప్పేది నాకర్థం కాక కాదు. పరీక్ష చేశామనుకో, ఏదో వచ్చిందనుకో. ఆ కాగితం బయటికి పోతే ఇక్కడ చదరపు గజం ఎంతకి పోతుంది? నాకింకా పదహారేళ్ళ ఈఎమ్ఐ ఉంది". నాకు పద్ధెనిమిదేళ్ళుంది. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఈ మాట బొల్లారంలో, పటాన్‌చెరులో ఎన్ని గేటెడ్ కమ్యూనిటీల పార్కింగుల్లో వినబడి ఉంటుందో. సాఫ్ట్‌వేరు ఖాళీ గడిని సున్నా అనుకోవడం దాని అమాయకత్వం. మనం ఖాళీగా ఉంచుకునేది సున్నా అని చెప్పుకోవడానికే. అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించేది ఆ పాత స్టాంపు కాగితమే కదా. కొనేవాడు కూడా మనలాగే గచ్చిబౌలి అద్దె కట్టలేక వచ్చినవాడే.

అందుకని నేను మళ్ళీ అడిగాను, ఈసారి లిఖితంగా. మామూలు పరీక్షకంటే చాలా ఖరీదు, మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబే కావాలి. మూడు బోర్లకీ ఒప్పుకోలేదు, ఒకదానికి ఒప్పుకున్నారు. మూడోదే ఎంచుకున్నాం, దిగువన ఉన్నది. వానలకి ముందొకసారి, వానలయ్యాక ఒకసారి. రిపోర్టు అందరికీ పంపాలా, కమిటీ దగ్గరే ఉంచాలా అన్నదాని మీద ఇంకా వాదన నడుస్తోంది. నేను అందరికీ అన్నవైపే ఉన్నాను, పార్కింగు సీనియర్ ఇంకా ఏ వైపో చెప్పలేదు.

ముదురు గోధుమరంగు గాజు సీసాలు తెచ్చిపెట్టాను, సిప్రో వెలుతురు తగిలితే విరిగిపోతుంది కాబట్టి. ఆదివారం పొద్దున్నే మోటారు వేసి, గొట్టంలో నిలవున్న నీళ్ళు పోయేదాకా కాసేపు వదిలేసి, అప్పుడు అంచుదాకా పట్టి ఐసు పెట్టెలో పెట్టాలి. సెక్రటరీ గారు తనూ వస్తానన్నారు. సీసా మీద సీలు ఆయనే వేస్తారట.